వార్షిక నివేదిక 2024-25: మత్తు మాన్పించే చికిత్సలో ఇంటివాళ్ల పని

సభ్యులకు నమస్కారం.

కేసుల్లో ఇరుక్కుని, గంజాయికో సొల్యూషన్‌కో (ఆవిరి పీల్చే జిగురు) అలవాటుపడిన పిల్లల ఇళ్లతో ఈ ఏడాది తిరుపతిలో మన సంఘం చేసిన పని ఇది. ఆదాయ వ్యయాల లెక్క విడిగా జతచేశాం.

2015 బాలల న్యాయ చట్టం 18వ సెక్షన్ కింద పిల్లల కేసులు విచారించే బాలల న్యాయ బోర్డు పిల్లవాణ్ణి తల్లిదండ్రుల పూచీకత్తు (బాండు) మీద 3 ఏళ్లకు మించకుండా ప్రొబేషన్‌పై, అంటే మంచి నడవడిక షరతు మీద, ఇంటికి పంపొచ్చు, మత్తు మానే చికిత్సకు వెళ్లమనీ ఆదేశించొచ్చు. బాండు మీద సంతకం పెట్టే నాయనకు మాత్రం అందులో ఏముందో తెలీదు. సంతకంతో కేసు తీరిపోయిందనుకుంటాడు. అందుకని పిల్లవాడు అబ్జర్వేషన్ హోమ్‌లో (కేసు నడిచేటప్పుడు పిల్లల్ని ఉంచే చోటు) ఉండగానే ఇంటికి వెళ్లి బాండు చదివి వినిపించడం మొదలుపెట్టాం. విడుదలయ్యాక వెళ్తే అప్పటికే పాత స్నేహాలు గుమ్మంలో ఉంటాయి.

ఎక్కువ గొడవలు వచ్చింది మూత్ర పరీక్ష దగ్గర. మందుల షాపులో దొరికే స్ట్రిప్ మీద 'సి', 'టి' అని రెండు చోట్ల గీతలుంటాయి. 'టి' గీత కనపడకపోతేనే గంజాయి ఉన్నట్టు. వెలిసిపోయినట్టున్నా సరే, గీత కనిపిస్తే లేనట్టే. గర్భ పరీక్ష అలవాటున్న అమ్మలు దీన్ని తలకిందులుగా చదువుతున్నారు. ఇంకోటి: రోజూ తాగిన పిల్లవాడు పూర్తిగా మానేసినా 3, 4 వారాలు, ఒక్కోసారి అంతకు మించి పాజిటివే వస్తుంది, ఆ సారం కొవ్వులో నిలిచి మెల్లగా దిగుతుంది కాబట్టి. ఒక్క స్ట్రిప్ చూసి అబద్ధమాడావని కొడితే, నిజంగా మానినవాడు కూడా మళ్లీ మొదలెడతాడు. పరీక్ష ఆసుపత్రికే వదిలేయమని మా మాట.

గంజాయి మానిన ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, నిద్రలేమి, అన్నం సయించకపోవడం మొదలై మొదటి వారంలో ముదురుతాయి. రెండు వారాలకు చాలావరకు తగ్గుతాయి, నిద్ర కుదురుకోవడానికి ఇంకా పట్టొచ్చు. ఆ రోజుల్లో ఎదురు మాట్లాడాడని తగువుకు దిగొద్దు.

సొల్యూషన్ పీలుస్తూ దొరికితే తరమకూడదు. ఆ ఆవిరి ఒంట్లో ఉండగా భయపడి పరిగెత్తితే గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. గుడ్డ, కవరు తీసేసి గాలాడే చోట కూర్చోబెట్టి, స్పృహ తప్పితే 108కి ఫోన్ చేయాలి.

సమావేశం పగలు పెడితే అమ్మ ఒక్కతే వస్తోంది. కొండ మీద షిఫ్టు డ్యూటీలున్న ఇళ్లకు విడిగా సమయం చూడక తప్పలేదు. అమ్మానాన్నల కన్నా ముందు రప్పించాల్సింది అవ్వని: బిడ్డ అడిగాడని కొంగు ముడి విప్పేది ఆమే. డబ్బులివ్వద్దంటే బాధపడుతుంది, దానికి బదులు వాడు అడిగింది వండిపెట్టమంటే ఒప్పుకుంటుంది. మేకుకు తగిలించిన చొక్కా జేబులో జీతం ఉంచి, పోయాక దొంగ అనడం కన్నా, ఆ డబ్బు ముందే పెట్టెలో పెట్టి తాళం వేయడం తేలిక.

సభ్యులకు ఒక హెచ్చరిక. సమావేశం ఫోటో ఒకటి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. కేసులో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం అదే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఇకపై ఫోన్లు బయటే పెట్టాలి.

నాయనే తాగే ఇళ్లలో మాత్రం ఈ ఏడాది పని సాగలేదు. కొడుక్కి మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446 నంబరు చెప్పినప్పుడే తండ్రికీ చెప్పాల్సింది, మనం చెప్పలేదు. వచ్చే ఏడాది ఇద్దరికీ ఒకే రోజు చికిత్స విభాగంలో చీటీ రాయించాలని తీర్మానం.