లేజర్ అంటే చాలదు, ఏ రంగో చెప్పాలి

ఎడిటర్ గారికి,

అతిశీతల పరమాణువుల గురించి ఇటీవల మీ విజ్ఞాన పుటలో వచ్చిన వ్యాసం చదవడానికి హాయిగా ఉన్నా, ‘లేజర్ కాంతితో పరమాణువులను చల్లబరిచి పట్టి ఉంచుతారు’ అన్న ఒక్క వాక్యంతో అసలు కీలకాన్ని దాటేసింది. చల్లబరిచే కాంతి, పట్టి ఉంచే కాంతి సాధారణంగా ఒకటి కావు. కాంతి పరమాణువును లాగుతుందా, నెడుతుందా అన్నది దాని తరంగదైర్ఘ్యాన్ని బట్టే ఉంటుంది.

రుబీడియం అనే లోహ మూలకాన్నే తీసుకుందాం. అది 780 నానోమీటర్ల కాంతిని బలంగా పీల్చుకుంటుంది కనుక చల్లబరచడానికి దానికి అతి చేరువలోని కాంతినే వాడతారు. ఆ తర్వాత 1064 నానోమీటర్ల పరారుణ లేజరును సన్నటి బిందువుగా కేంద్రీకరిస్తే, పరమాణువులు వెలుగు ఎక్కువగా ఉన్న చోట గుమిగూడతాయి. అదే 532 నానోమీటర్ల పచ్చకాంతి అయితే వాటిని వెలుగులోంచి చీకట్లోకి నెట్టేస్తుంది. ఎందుకో ఇంట్లోనే చూడవచ్చు. తాళాల గుత్తిని దారానికి వేలాడదీసి చేతిని నెమ్మదిగా అటూ ఇటూ ఆడిస్తే గుత్తి చేతి వెంటే వస్తుంది. బాగా వేగంగా ఆడిస్తే, చెయ్యి కుడికి పోయినప్పుడు గుత్తి ఎడమకు పోతుంది. తరంగదైర్ఘ్యం ఎక్కువైతే కాంతి డోలనం నెమ్మదిస్తుంది. 1064 కాంతి డోలనం రుబీడియం సహజ లయ (780 కాంతి లయ) కన్నా నెమ్మది కనుక అందులోని ఎలక్ట్రాన్ మేఘం కాంతి వెంట ఊగుతుంది, 532కు ఎదురు ఊగుతుంది.

780కి దగ్గరగా ఉంటేనే పట్టు గట్టిగా ఉంటుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, కానీ అక్కడ పరమాణువు ఫోటాన్లను, అంటే కాంతి కణాలను, పీల్చి వదులుతూ, ప్రతిసారీ ఒక కుదుపు తిని వేడెక్కుతుంది. 780కీ లేజర్ కాంతికీ మధ్య తేడాను, కాంతి తీవ్రతను చెరో పది రెట్లు పెంచితే ఉచ్చు లోతు, అంటే పట్టు బలం, దాదాపు అంతే ఉండి, కుదుపులు పదో వంతుకు తగ్గుతాయి. 1986లో అమెరికా పరిశోధనా సంస్థ బెల్ ల్యాబ్స్‌లో స్టీవెన్ చూ, ఆర్థర్ ఆష్కిన్ బృందం సోడియం బలంగా పీల్చుకునే తరంగదైర్ఘ్యానికి దగ్గరి కాంతితోనే సుమారు 500 పరమాణువులను పట్టగా, 1993లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో రుబీడియం పీల్చుకునే తరంగదైర్ఘ్యం నుంచి 65 నానోమీటర్ల దాకా దూరం జరిగారు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది స్ట్రాన్షియం గడియారం. స్ట్రాన్షియం అనే మూలకం పరమాణువులోని రెండు శక్తిస్థాయిల మధ్య తేడాను బట్టి అది సమయాన్ని కొలుస్తుంది. పట్టి ఉంచే కాంతి పరమాణువు శక్తిస్థాయిలను కదిలించి సమయాన్నే తప్పించగలదు. అయితే సుమారు 813.4 నానోమీటర్ల దగ్గర గడియారానికి వాడే రెండు స్థాయిలూ సమానంగా కదులుతాయి, కాబట్టి వాటి మధ్య తేడా చెక్కుచెదరదు. జపాన్‌కు చెందిన హిదెతోషి కతోరి ప్రతిపాదించిన ఈ ఉపాయంలో కాంతి రంగే మ్యాజిక్.

మీ తదుపరి వ్యాసంలో లేజర్ అన్న మాట పక్కన దాని నానోమీటర్ల అంకె కూడా వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి