వలందులు బందరుకు వచ్చింది మిరియాల కోసం కాదు

సంపాదకుల వారికి,

17వ శతాబ్ది మొదట్లో డచ్చివారూ (మన వాడుకలో వలందులు), ఇంగ్లీషువారూ ‘సుగంధ ద్రవ్యాల కోసం’ మచిలీపట్నం వచ్చారని తరచూ రాస్తుంటారు. లవంగం, జాజికాయ బందరు చుట్టుపక్కల పండవు. వాళ్లు వచ్చింది బట్ట కోసం. అదీ ఐరోపాలో అమ్మడానికి కాదు, ముఖ్యంగా తూర్పు దీవుల (నేటి ఇండోనేషియా) కోసం.

అప్పట్లో లవంగాలకు తెర్నాతె, తిదోరె, అంబోన్ వైపు పోవాలి; జాజికాయ, జాపత్రికి బందా దీవులే దిక్కు. బందా వాళ్లకు బియ్యమూ బట్టా బయటి నుంచే రావాలి. ఆ ఉక్కలో ఐరోపా ఉన్ని ఎవరికి కావాలి? కోరమండల్ (మన తూర్పు తీరం) నూలు బట్ట చూపిస్తేనే బేరం కుదిరేది. ఆసియా వర్తకులకు ఇది పాత సంగతే. 1602లో పుట్టిన డచ్చి కంపెనీ 1605లో డెల్ఫ్ట్ అనే ఓడను బందరుకు పంపింది. మరుసటేడు గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ కుతుబ్ షా ఫర్మానాతో బందరులో, పెటపోలిలో (నేటి నిజాంపట్నం) కోఠీలు (వర్తక స్థావరాలు) తెరిచింది. 1611లో ఇంగ్లీషు ఓడ గ్లోబ్‌ను పులికాట్‌లో డచ్చివారు సాగనివ్వకపోతే అది పెటపోలి, బందరు చేరి బట్ట కొన్నది. తర్వాత వెళ్లింది లండన్‌కు కాదు, బాంటమ్, పటానీ, సయాముల వైపు. కోరమండల్ మలుకు దీవులకు (అంటే ఆ లవంగాల దీవులకు) ఎడమ చెయ్యి లాంటిదని, ఇక్కడి బట్ట అందకపోతే అక్కడి వ్యాపారం చచ్చినట్టేనని డచ్చి ఉద్యోగి హెండ్రిక్ బ్రౌవర్ 1612లో తన కంపెనీకి రాశాడు.

మన బట్టకే అంత గిరాకీ ఎందుకంటే, ఉతికినా పోని ఎరుపు. ఆ అద్దకం పని ఎలా సాగేదో ఎవరూ రాయరు. ముందు బట్టను కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఎండబెడతారు. పాల కొవ్వు లేకపోతే కలం గీత అలుక్కుపోతుంది. నల్ల గీతలకు ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసిమి వాడతారు. అది ముదిరితే కొన్నాళ్లకు బట్టనే తినేస్తుంది. పాత గుడ్డల్లో సరిగ్గా నల్ల గీతల వెంటే చిరుగులు కనిపిస్తాయి. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూసి, ఆరాక పారే నీటిలో జాడిస్తారు. మిగులు పటిక వదలకపోతే బొమ్మల వెనక బట్టంతా ఎర్రబడుతుంది. ఆపైన ఎర్ర రంగునిచ్చే చిరువేరుతో కాగబెడితే పటిక ఉన్నచోటే రంగు పట్టుకుంటుంది. గవ్వలు, ఆల్చిప్పలు కలిసిన తీరపు ఇసుకలో పెరిగిన వేరుకు ఎరుపు ఎక్కువ, కారణం సున్నం. పెటపోలి వేరుకు పేరు ఊరికే రాలేదు.

నమూనాలో పొరపాటు జరిగితే ఇంత పనీ వృథా. ఒక దీవిలో ఎగబడి కొన్న అంచు పక్క దీవిలో కదలదు. అందుకే కోఠీలు నమూనా గుడ్డలు తెప్పించుకుని, ముందే బయానా ఇచ్చి పని చేయించేవి.

ఐరోపా దొరసానుల పూల చీటీగుడ్డల మోజును కూడా ఈ కాలానికే అంటగడుతున్నారు. అది ఊపందుకున్నది ఆ శతాబ్ది రెండో సగంలో. ఫ్రాన్స్ వాటిని నిషేధించింది 1686లో. బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ బోర్డు పెట్టదలిస్తే ఏ బట్ట ఏ దీవికి పోయి ఏ సరుకు తెచ్చిందో రాయించండి.

– ఒక పాఠకుడు, పెడన