అత్యాశ ఒక్క పక్కనేనా?

సంపాదక మహాశయా,

గత వారం మీ జిల్లా పేజీలో 'ఆటో ట్రేడింగ్ పేరిట టోకరా' అని వార్త వేశారు. మన బదులు సాఫ్ట్‌వేరే మార్కెట్లో కొని, అమ్మి లాభం తెస్తుందని నమ్మించి డబ్బు గుంజిన సంగతి అది. అంత చిన్న వార్తలోనూ 'అత్యాశకు పోయి' అన్న మాట రెండుసార్లు ఉంది. తిరుపతి నడిబొడ్డున ఆ దుకాణం ఇన్నాళ్లు ఎలా నడిచిందన్న ప్రశ్న ఒక్కసారీ లేదు.

మా వీధిలో దేవస్థానం ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన కూడా బాధితుడే. పాపం, ఇప్పుడు సిగ్గుతో గడప దాటడం లేదు. ఆయనకు ఈ పథకం సంగతి ఎలా తెలిసిందో చెబితే మీకు రుచించకపోవచ్చు. పొద్దున్నే పేపరు మడతలో వచ్చిన కరపత్రం చూసి! 'మీరు నిద్రపోండి, రోబో సంపాదిస్తుంది, రోజుకు ఒక్క శాతం ఖాయం' అని రాసి ఉంది. ఆదివారం కల్యాణ మండపంలో సదస్సు, ఇడ్లీ, పొంగలి ఉచితం. టై కట్టుకున్న కుర్రవాడొకడు తెర మీద పైపైకి పోయే గీత చూపించాడట. జరిగిపోయిన ధరలకు తగ్గట్టు సాఫ్ట్‌వేరును దిద్దుకుంటే గీత పైకి కాక ఎటు పోతుంది? నిన్నటి ప్రశ్నపత్రం చేతిలో పెట్టుకుని నూటికి నూరు తెచ్చుకున్నట్టు.

బ్యాంకులో పనిచేసినవాణ్ణి కనుక ఆ ఒక్క శాతానికి చక్రవడ్డీ కట్టి చూశాను. ఏడాదికి 250 ట్రేడింగ్ రోజులనుకుంటే లక్ష రూపాయలు మొదటి ఏడాదికి 12 లక్షలు, ఐదేళ్లకు సుమారు 2,500 కోట్లు. టీటీడీ 2025-26 బడ్జెట్టే 5,258 కోట్లు! అంత ఘనమైన రోబో ఉంటే ముందు కొండ మీద స్వామికి సమర్పించండి నాయనా, కుబేరుడి అప్పు తీరిపోతుంది.

సాఫ్ట్‌వేరుతో సంపాదించేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. 2023-24లో ఎఫ్ అండ్ ఓలో, అంటే షేర్ల ధరల మీద ముందస్తు బేరాలాడే ఫ్యూచర్స్, ఆప్షన్స్ మార్కెట్లో, విదేశీ సంస్థాగత మదుపరులకు వచ్చిన లాభాల్లో 97 శాతం ఆల్గోల (తమంతట తామే కొని, అమ్మే సాఫ్ట్‌వేర్ల) చలవేనని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే తేల్చింది. అదే సెబీ లెక్కలో, అప్పటికి మూడేళ్లలో సామాన్య ట్రేడర్లలో 93 శాతం మంది మునిగారు, నష్టం 1.8 లక్షల కోట్లు దాటింది. గెలిచే యంత్రం ఉన్నవాడు దాన్ని పొంగలి పెట్టి మరీ మనకు అమ్ముతాడా?

ఈ రోబోల్లో చాలావాటి కిటుకు ఒకటే, ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేయడం. వెయ్యితో మొదలుపెట్టి వరుసగా పదిసార్లు ఓడితే పదకొండో పందెం 10,24,000 రూపాయలు. అందాకా రోజూ చిల్లర లాభం కనిపిస్తూనే ఉంటుంది, ఒక్క రాత్రిలో ఖాతా ఖాళీ. మా వీధి ఆయనకు ఆ యోగం కూడా పట్టలేదు. ఫోనులో పచ్చటి అంకెలు పెరుగుతూ పోయాయి. డబ్బు తీసుకోబోతే 'ముందు 18 శాతం జీఎస్టీ కట్టండి' అని మెసేజ్. కట్టారు. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులోంచే ఆయన్ను తీసేశారు.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తే పోలీసులకు పంపామన్నారు. పోలీసులు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయమన్నారు. ఆ హెల్ప్‌లైన్ వాళ్లేమో, ఆలస్యమైంది అన్నారు. లాభాల ఆశ చూపి ఆల్గోలు అమ్మరాదని సెబీ బ్రోకర్లకు 2022 సెప్టెంబరులోనే చెప్పింది. అనుమతి లేని విదేశీ కరెన్సీ ట్రేడింగ్ వేదికల జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో ఉంది. ఇన్ని ఉండి, మండపంలో సభ పెట్టేవాణ్ణి 'నీ సెబీ రిజిస్ట్రేషన్ నంబరెంత?' అని అడిగే నాథుడు ఈ జిల్లాలో లేడు. అలిపిరి దగ్గర బొరుగులమ్మే బండిని మాత్రం రోజుకు రెండుసార్లు తరుముతారు. ఫ్లెక్సీల సంగతి చెప్పనే అక్కర్లేదు. నాయకుల పుట్టినరోజుల మధ్య ఈ రోబో బొమ్మ కూడా నెలల తరబడి వేలాడింది. కార్పొరేషన్‌కు దాని రుసుము ముట్టిందో లేదో వాళ్లే చెప్పాలి.

అధికారులను అడిగి లాభం లేదు కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. రిజిస్ట్రేషన్ నంబరు లేని పెట్టుబడి కరపత్రాన్ని పేపరు మడతలో పెట్టవద్దని మీ ఏజెంట్లకు చెప్పగలరా? 'అది ఏజెంటు వ్యాపారం, మాకు సంబంధం లేదు' అంటారేమో, ఆ మాటే ఈ లేఖ కింద అచ్చువేయండి.

- విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
కొర్లగుంట, తిరుపతి