తడి ఆరే వేళను చూడండి

సంపాదకులకు,

నమస్కారం. నగరంలో జరిగిన నైరూప్య జలవర్ణ చిత్రాల ప్రదర్శనను మీ సమీక్ష ‘రంగుల నాట్యం’ అని తేల్చేసింది. ఆ చిత్రకారిణి పనిలో మాకు కనిపించింది నిగ్రహం.

పెద్ద నీలి చిత్రాన్ని పక్కనుంచి చూడండి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) మందపాటి నూలు కాగితాన్ని బాగా తడిపి, పైన నీటి మెరుపు తగ్గుతుండగా అల్ట్రామెరైన్ అనే నీలి రంగు వదిలారు. ఆ రంగు రేణువులు కాగితం గుంటల్లోకి దిగి గరుకుగా కనిపిస్తాయి. థాలో అనే మరో నీలమైతే నూలుపోగుల్లోకి ఇంకిపోతుంది, తర్వాత తుడిచినా పూర్తిగా రాదు. తెలుపంతా రంగు వేయకుండా వదిలేసిన కాగితమే. ఎంత ధైర్యం కావాలో దానికి!

లోపాలూ ఉన్నాయి. ఎరుపు వరుసలో చివరి మూడింటిలో సగం ఆరిన పూత మీద మళ్లీ నీళ్ల కుంచె పెట్టారు. ఆ నీరు రంగును అంచులకు నెట్టి కాలీఫ్లవర్ పువ్వు అంచుల్లాంటి మచ్చలు కట్టింది. ఒకసారైతే అందమే, మూడింటిలోనూ అదే మూల వస్తే అలవాటనిపిస్తుంది. చెన్నై ఉక్కలో పూత ఆలస్యంగా ఆరుతుంది కనుక కుంచెలో నీళ్లు తగ్గించాలి, మెరుపు పోయాకే ఫ్యాను వేయాలి.

1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ చొరవతో చోళమండల్ కళాకారుల గ్రామం వెలసిన ఊరిది. ఆయనా మొదట్లో జలవర్ణాల్లో ప్రకృతి దృశ్యాలు వేసినవారే. ఇక్కడి పాఠకులకు ఈమాత్రం వివరం ఇవ్వవచ్చు కదా.

గ్యాలరీ వారికీ ఒక మాట: జలవర్ణాలపై వెలుగు 50 లక్స్ (వెలుగు కొలత) దాటనివ్వకండి. అద్దం కాగితానికి తగిలితే తేమ చేరి బూజు పడుతుంది, రెంటికీ మధ్య ఎడం ఉంచే మౌంటు అట్ట పెట్టించండి.

— కొందరు తెలుగు చిత్రకారులు, చెన్నై