బిల్లు తగ్గించని ‘పవర్ సేవర్’
సాకెట్‌లో గుచ్చితే చాలు, కరెంటు బిల్లు 40 శాతం తగ్గుతుందంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ‘పవర్ సేవర్’ డబ్బాలు పచ్చి మోసం. మూత విప్పితే సాధారణంగా కనిపించేవి చిన్న కెపాసిటర్, రెండు మూడు రెసిస్టర్లు, డయోడ్లు, పనిచేస్తున్నట్టు నమ్మించడానికి ఓ ఎల్‌ఈడీ. పవర్ ఫ్యాక్టర్ (లాగే కరెంటులో నిజంగా పనికొచ్చే వాటా) సరిచేస్తుందన్నది అమ్మేవాళ్ల వాదన. ఫ్యాక్టరీలకైతే ఆ మాట చెల్లుతుంది. ఇళ్లకు బిల్లు వేసేది నిజంగా వాడిన కిలోవాట్ అవర్ల (యూనిట్ల) లెక్కన కాబట్టి, పవర్ ఫ్యాక్టర్ నిజంగానే మెరుగుపడ్డా యూనిట్లు తగ్గవు. పరీక్షించడం తేలికే. మీటరు మీద యూనిట్‌కు 3200 ఇంపల్స్ అని ఉంటే, దాని ఎర్ర లైటు 3200 సార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్ కాలినట్టు. అన్నీ ఆపేసి 75 వాట్ల ఫ్యాను ఒక్కటే ఫుల్ స్పీడులో తిప్పండి, దాదాపు 15 సెకన్లకోసారి మిణుకుతుంది. డబ్బా గుచ్చాక కూడా అంతే! (ఓల్టేజీ హెచ్చుతగ్గులుంటాయి కాబట్టి పది మిణుకులకు టైము చూడాలి.) అదే తక్కువ కరెంటు లాగే బ్రష్‌లెస్ మోటారున్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానైతే ఒక్కో మిణుకుకు 37.5 సెకన్లు పడుతుంది, ఆదా అంటే అదీ. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది. ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా అది ఈ అమ్మకాలను ఆపించాలి. డిస్కంలు కూడా నెలవారీ బిల్లు మీదే ఈ హెచ్చరిక అచ్చు వేయాలి.