బెట్టింగ్ యాప్‌లకి డబ్బు వెళ్ళే దారి మూయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆన్‌లైన్ బెట్టింగ్‌ని తెలంగాణ 2017లో, ఏపీ 2020లో నిషేధించాయి, 2025లో కేంద్రం కూడా డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆపుతూ చట్టం తెచ్చింది, చాలా మంచి పని. కానీ మా వీధి కుర్రాళ్ళ ఫోన్లకి టెలిగ్రామ్‌లో ఏపీకే (APK, యాప్‌ని నేరుగా ఫోన్లో ఎక్కించే ఫైల్) లింకులు వస్తూనే ఉన్నాయి. ప్లే స్టోర్‌తో పనే లేదు, లింక్ నొక్కితే యాప్ దిగిపోద్ది, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే ఏదో కిరాణా షాపు పేరు చూపిస్తది, డబ్బులు మాత్రం బెట్టింగోళ్ళకే. సైట్ బ్లాక్ చేస్తే రేపు ఇంకో పేరుతో తెరుస్తారు కదా! అందుకే బెట్టింగోళ్ళు వేరేవాళ్ళ దగ్గర అద్దెకి తీసుకుని వాడే ఆ బ్యాంకు అకౌంట్లని బ్యాంకులే కనిపెట్టి ఆపాలి, చిన్న షాపు అకౌంట్లో అర్ధరాత్రి వందల పేమెంట్లు పడుతుంటే అడగొద్దా? అప్పులపాలైన పిల్లల ప్రాణాలు పోతున్నాయి సార్, దయచేసి త్వరగా చెయ్యండి.

– ఒక పాఠకుడు, తెనాలి