నాన్నకు, లాప్‌టాప్ సంగతి

కీల్, జర్మనీ
7 డిసెంబర్ 2025, ఆదివారం

నాన్నకు,

ఇక్కడ నేను క్షేమం. అమ్మా, నువ్వూ క్షేమమని తలుస్తాను. సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోతోంది, బయటికి పోబుద్ధి కావడం లేదు. మొన్న ఫోన్‌లో "కొత్త లాప్‌టాప్ కొన్నావా" అని అడిగావు కదా. కొనలేదు. పాతదాన్నే ఉంచి లోపలి సిస్టమ్ మార్చాను. అది ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11కి కావాల్సిన టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ నా దాంట్లో లేదు. మెషిన్‌కి ఏ జబ్బూ లేదు, కీల మీద అక్షరాలైనా చెరగలేదు. పారెయ్యడానికి మనసొప్పక విండోస్‌కి బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించాను, అందులో డెబియన్ అనే రకం. ఇక్కడి రాష్ట్ర ప్రభుత్వం కూడా సుమారు 30,000 కంప్యూటర్లను ఈ దారిలోకి తేవాలని 2024 ఏప్రిల్‌లో నిర్ణయించింది. నాది సొంతంగా చేసుకునే కాంట్రాక్టు పని కాబట్టి ఎవరినీ అడగక్కర్లేకపోయింది.

మొదటి వారం ఏడుపొచ్చింది నాన్నా. వైఫై పట్టలేదు. అది సర్దుకున్నాక కూడా చెయ్యి మాటిమాటికీ పాత చోటుకే పోయేది, లేని బటన్ కోసం. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. ప్రెస్సులో కాలితో తొక్కే ట్రెడిల్ మెషిన్ తీసేసి, కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ పెట్టిన కొత్తలో, మానిటర్ ముందు కూర్చుని కూడా నీ కుడిచెయ్యి గాల్లో టైపు కేసు వైపు లేచేది. సీసం అక్షరాలు కిలోల లెక్కన అమ్మేసిన రోజు నువ్వు అన్నం తినలేదు. నాకప్పుడు అర్థం కాలేదు.

ఇక అసలు సంగతి. నేను రాసేవి ఓడల్లో పెట్టే పరికరాల మాన్యువల్స్. ఒక పార్టు నంబరు మారితే అది ఎన్ని ఫైళ్ళలో ఉందో వెతకాలి. ఇదివరకు ఒక్కో ఫైలూ తెరవడం, వెతకడం, మూసెయ్యడం. పూట గడిచిపోయేది, చివరికి ఏదో ఒకటి తప్పిపోయిందేమోనన్న అనుమానం మిగిలేది. ఇప్పుడు టెర్మినల్ అనే నల్లటి కిటికీలో ఆదేశంగా ఒక లైను కొడతాను. ఒక చిన్న ప్రోగ్రామ్ వెతికి పెడుతుంది, అది ఇచ్చింది ఇంకోటి అందుకుని వరసలో పెడుతుంది, దాన్ని మూడోది లెక్కపెడుతుంది. వాటిని కలిపే గుర్తును పైపు అంటారు, లినక్స్‌కి నమూనా అయిన యూనిక్స్ అనే పాత సిస్టమ్‌లో 1973లో పెట్టారు. నీ ప్రెస్సులో కంపోజింగ్ నుంచి ప్రూఫుకి, ప్రూఫు నుంచి మెషిన్‌కి కూర్చిన అక్షరాలు చేతులు మారినట్టే.

ఆ ఒక్క లైను నేర్చుకోవడానికి గంటన్నర పట్టింది. పని జరగడానికి రెప్పపాటు. కానీ నాకు నచ్చింది ఆ వేగం కాదు. ఇదివరకు మెనూలో ఏముందో చూసి, అది చేసేదాన్ని. ఇప్పుడు నాకేం కావాలో ముందు నాకే తెలియాలి, దాన్ని తప్పు లేకుండా మాటల్లో పెట్టాలి. ఒక చుక్క ఎక్కువైనా జవాబు మారిపోతుంది. పన్నెండేళ్ళుగా చేస్తున్న పనిని ఇప్పుడే దగ్గర నుంచి చూస్తున్నట్టుంది.

ఇబ్బందులు లేవనను. వర్డ్‌లో చేసి పంపిన టేబుళ్ళు, దానికి బదులు నేను వాడే లిబ్రేఆఫీస్‌లో ఒక్కోసారి పక్కకి జరుగుతాయి, అందుకే పీడీఎఫ్ తీసి గీత గీతా చూసుకుని పంపుతున్నాను.

నీ పాత పెళ్ళి కార్డుల ఫైలు ఒకటి తెరిచి చూశాను. అనూ ఫాంటు లేకపోయేసరికి తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపించింది. "శ్రీరస్తు" ఎక్కడుందో కూడా పోల్చుకోలేకపోయాను. చాలా బాధేసింది. నీ ముప్పై ఏళ్ళ పని ఆ ఒక్క ఫాంటు చేతిలో ఉండిపోయింది. నేను ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి నేర్చుకుంటున్నాను, ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. అలా కొట్టినది యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షరాల పద్ధతిలో ఉంటుంది, ఏదో ఒక తెలుగు యూనికోడ్ ఫాంటు ఉన్న ఏ మెషిన్‌లోనైనా తెలుగులాగే కనబడుతుంది.

షాపులో సిస్టమ్ మార్చమని మాత్రం అనను. నువ్వు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ విండోస్‌లో నడిచేది, నీ చెయ్యి దానికి కుదిరింది, గిరాకీ ఆగకూడదు. ఆ పాత ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఉంచు, ఫాంట్లు కూడా మర్చిపోకు. సంక్రాంతికి వస్తున్నాను, ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒక్కోటీ మార్చుకుందాం. ఏ కార్డులో ఏముందో నువ్వు చదువు, నేను కొడతాను.

అమ్మని మోకాలికి నూనె రాయడం మానొద్దని చెప్పు.

నీ కూతురు